ఓటీపీ చెప్పమ్మా అనే ముందు: భువనేశ్వర్ ఆర్‌బీఐ రీజనల్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రీజనల్ డైరెక్టర్ గారికి,

ఆంధ్రా సరిహద్దునున్న ఒడిశా ఊళ్లు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో బట్టల షోరూముల్లోనూ టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణాల్లోనూ బిల్లింగ్ కౌంటరు పక్కన చిన్న బల్ల వేసుకుని క్రెడిట్ కార్డులు అంటగట్టే పని మాది. "అంటగట్టడం" అన్నది మా మాట, కంపెనీ కాగితాల్లో దాని పేరు సోర్సింగ్. మేం కోరేది ఒక్కటే. ఈ సరిహద్దు జిల్లాల్లో కార్డు తీసుకునేవాళ్లకి కీలక వివరాల పత్రం, అంటే వడ్డీ, చార్జీలు చెప్పే ఒక పేజీ కాగితం, తెలుగులోనూ దొరకాలి, ఏ ఓటీపీ దేనికో వాళ్లకి తెలిసిన భాషలో చెప్పాలి.

కార్డు సంగతి ఎప్పుడెత్తాలో ఈ పనిలో ముందుగా నేర్చుకుంటారు. చీర చూస్తున్నప్పుడు కాదు. ఎంచుకున్నాక, బిల్లు కొట్టే ముందు, వెనక నలుగురు నిలబడి విసుక్కుంటున్నప్పుడు. "అమ్మా, ఈ బిల్లు మీదే ఐదొందలు తగ్గుద్ది, ఫోను నెంబరు చెప్పండి" అంటే చాలు. క్రెడిట్ అన్న మాట చాలాసార్లు నోట రాదు, "షాపు కార్డు" అంటాం. కార్డు మీద షోరూము పేరుంటుంది కనక అబద్ధమనీ అనిపించదు. బాకీ మాత్రం బ్యాంకుకి.

ఆ తర్వాత ఐదు నిమిషాల్లో మూడు నాలుగు ఓటీపీలు వస్తాయి. బ్యాంకును బట్టి వరుస మారుతుంది గానీ, ఒకటి ఫోను నెంబరు సరిచూడటానికి, ఒకటి సిబిల్, అంటే పాత అప్పుల చిట్టా, చూసేందుకు అనుమతి, ఇంకొకటి ఆధార్ కేవైసీ, అంటే మనిషి ఎవరో సరిచూడటానికి. చివరిది దరఖాస్తుకు ఒప్పుకోలు, అంటే సంతకమే. అన్నీ డిస్కౌంటు కోసమే అనుకుని ఆవిడ ఇంగ్లీషు మెసేజ్‌లోంచి ఆరంకెలు చదివి చెబుతుంది. కార్డు పాస్ కాకపోయినా సిబిల్‌లో ఎంక్వైరీ పడిపోతుంది. దసరా, దీపావళి మధ్య నాలుగు షాపుల్లో ఇలా అంకెలు చెప్పినవాళ్లకి రేపు ఇంటి లోను దగ్గర ప్రశ్నలు తప్పవు.

ఒడియాలో ఇస్తే చాలదా అంటారేమో. ఇక్కడి తెలుగువాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు, చదవడం వేరు. శ్రీకాకుళం వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లలో ఆ అక్షరాలు రానివాళ్లు చాలామంది. ఒడియా బడిలో చదివిన వాళ్ల పిల్లలకేమో తెలుగు అక్షరాలు రావు. ఒకే ఇంట్లో తల్లికో లిపి, కొడుక్కో లిపి. అందుకే ఏది కావాలో అడిగి ఇమ్మంటున్నాం.

దరఖాస్తుతో పాటు ఒక పేజీ కీలక వివరాల పత్రం ఇవ్వాలని 2022 ఏప్రిల్ 21న ఆర్‌బీఐ ఇచ్చిన కార్డుల ఆదేశాలు చెప్పాయి. షరతుల భాష దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషల్లో ఉంటే మేలన్నంత వరకే అన్నాయి. 2024 ఏప్రిల్ 15న అప్పుల మీద వచ్చిన సర్క్యులర్ గట్టిది: పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, విడమరిచి చెప్పాలి, అర్థమైందని రాయించుకోవాలి. అందులోంచి క్రెడిట్ కార్డు బాకీలను మినహాయించారు. దాంతో అదే ఫ్రిజ్‌ను వాయిదాల లోను మీద తీసుకుంటే తెలుగు కాగితం అడగొచ్చు, పక్క బల్ల దగ్గర కార్డు మీద తీసుకుంటే అడిగినా ఇచ్చే దిక్కులేదు.

నెలనెలా బాకీ మొత్తం కట్టేసేవాళ్లకి కార్డు మంచిదే, ఆ మాట చెప్పి అమ్మడానికి మాకేం సిగ్గులేదు. చిక్కంతా నెల బిల్లులో "కనీసం కట్టాల్సింది" అన్న గడి దగ్గరే. రూ.20,000 బాకీ, నెలకు 3.5 శాతం వడ్డీ, కనీసం కట్టాల్సింది రూ.1,000 అనుకోండి. వడ్డీ రూ.700, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.126. కట్టిన వెయ్యిలో అసలుకు జమయ్యేది రూ.174. పైగా పాత బాకీ మిగిలున్నంత కాలం, కొత్తగా కార్డు గీకి కొన్న ఉప్పూ పప్పుకీ కొన్న రోజు నుంచే వడ్డీ. ఈ లెక్క కౌంటరు దగ్గర చెబితే కొందరు లేచిపోతారు, నిజమే. కానీ మిగిలినవాళ్ల కార్డులు మూడో నెలలో తగాదాకి రావు.

ఇంకోటి. కార్డు ఇచ్చి 30 రోజులు దాటినా దాన్ని యాక్టివేట్ చేసుకోకపోతే బ్యాంకు ఓటీపీతో మళ్లీ ఒప్పుకోలు అడగాలి. ఒప్పుకోకపోతే, అడిగిన నాటి నుంచి 7 పనిదినాల్లో పైసా తీసుకోకుండా మూసేయాలి. వద్దనుకున్నవాళ్లు ఆ ఓటీపీ చెప్పకుండా ఊరుకుంటే సరిపోతుంది. ఆ మెసేజూ ఇంగ్లీషులోనే వస్తే, కొరియర్ వాడికనుకుని చెప్పేస్తారు.

నియమం మార్చడం ముంబైలోని మీ కేంద్ర కార్యాలయం పనని తెలుసు. మార్చకుండానే మీరు చేయగలిగిందుంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో బ్యాంకులూ అధికారులూ కలిసి కూర్చునే సంప్రదింపుల సమితుల్లో ఈ విషయం ఎజెండాకెక్కించండి. కార్డులమ్మే బ్యాంకులను తెలుగు, ఒడియా పత్రాలు బల్ల మీద ఉంచమనండి. దరఖాస్తులో "ఏ భాషలో వివరించారు" అని ఒక గడి పెట్టించండి. పండగ వారాల్లో జిల్లాలను చూసుకునే మీ లీడ్ డిస్ట్రిక్ట్ ఆఫీసర్లను మామూలు కొనుగోలుదారుల్లా షోరూములకు పంపండి. ముందే కబురు పెడితే ఆ రోజు అందరం పద్ధతిగా మాట్లాడతాం.

తెలుగు పత్రం నమూనా ఒకటి రాసి జతచేశాం. ఒకటే పేజీ, పెద్దక్షరాలు. మొదటి వరుసలో "ఇది బ్యాంకు అప్పు కార్డు" అని ఉంది, రెండో వరుసలో పై రూ.174 లెక్క.

ఇట్లు,
నాలుగూళ్ల కార్డు కౌంటర్లలో పనిచేసేవాళ్లం