కొత్తగా అక్వేరియం పెట్టేవారికి

అందరికీ నమస్కారం. రెండడుగుల తొట్టెలో ఏ చేపలు వేయాలని చాలామంది అడుగుతున్నారు. గప్పీలు, ప్లాటీలతో మొదలుపెట్టండి. మీ బోరు నీళ్లు బకెట్ అంచున తెల్లని చారలు కడుతున్నా వాటికి ఇబ్బంది లేదు. నియాన్ టెట్రాలకు మాత్రం ఆ నీళ్లు పడవు.

గోల్డ్‌ఫిష్ చల్లనీటి చేప. మన విజయనగరం మే నెల ఎండలకు నీరు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గి, పైకొచ్చి నోరు తెరుస్తుంది. దాన్ని గాజు గిన్నెలో పెంచడం, నన్నడిగితే, జైల్లో పెట్టడమే.

తొట్టె నింపిన రోజే చేపలు వేయకండి. వాటి విసర్జనలోని, వాటికే విషమైన అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండండి.

పాచి తింటుందని దుకాణాల్లో అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. దక్షిణ అమెరికా జాతి అది; వలలు చింపుతుంది, గట్లకు బొరియలు చేస్తుంది. పెంచలేకపోతే పెద్ద చెరువులోనో నాగావళిలోనో వదలకండి. ముందు ఈ గ్రూపులో అడగండి, పెద్ద తొట్టె ఉన్నవారు ఎవరైనా తీసుకుంటారు.