దుబ్బు తట్టి చూడమనేవారేరీ?

సంపాదకులకు,

పురుగుమందులు తగ్గించమని రైతులకు హితవు చెబుతూ మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. మాట నిజమే. కానీ మేం మందు కొట్టేది తెలియక కాదు, భయంతో. పక్క మడిలో స్ప్రేయర్ చప్పుడు వినబడితే ఇంట్లో కూర్చోలేం. ఆ టెన్షన్‌లో అడిగేది మందు అమ్మే మనిషినే. ఆయన 'ఈ దఫా ఆగు' అని ఎందుకంటాడు?

వరిలో రసం పీల్చే సుడిదోమనే తీసుకోండి. అది ఉండేది దుబ్బు మొదట్లో, నీళ్లకు కాస్త పైన. మనం కొట్టేది ఆకుల మీద. దాని గుడ్లు ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి. చచ్చేది దాన్ని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు. వారం పది రోజుల్లో గుడ్లు పగిలేసరికి అడ్డే ఉండదు. ఇలాగే ఒక పంటకు ఐదుసార్లు కొట్టి, మడి మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోతుంటే గట్టు మీద నిలబడి చూసినవాణ్ణి నేను. దుబ్బు వంచి రెండు తట్లు తట్టి, నీళ్ల మీద రాలినవి లెక్కపెట్టడం ఆ తర్వాతే నేర్చుకున్నాను. మొదటిసారి సాలీళ్లనూ పురుగుల్లోనే కలిపేశాను, అది వేరే సంగతి!

ఇండోనేషియా 1986లో వరి మీద 57 మందులను నిషేధించి, పురుగుమందుల మీది సబ్సిడీని మూడేళ్లలో ఎత్తేసింది. అంతటితో ఊరుకోకుండా 1989 నుంచి పొలంబడులు పెట్టి, రైతులను మడిలోకి దింపి వాళ్లచేతే లెక్కపెట్టించింది. మందుల వాడకం బాగా తగ్గినా దిగుబడి పడిపోలేదు. శ్రీలంక మాత్రం 2021లో రసాయన ఎరువులు, మందులు ఒక్కసారిగా ఆపేసి, పంటలు దెబ్బతిన్నాక అదే ఏడాది వెనక్కి తగ్గింది.

ట్రైకోగ్రామా కార్డుల సంగతీ చెప్పాలి. పురుగుల గుడ్లను నాశనం చేసే బుల్లి కందిరీగలు లోపల పెరుగుతుండే అట్టలివి. అవి మందు డబ్బాల్లా నెలల తరబడి అలమరాలో ఉంచేవి కావు. కొద్ది రోజుల్లోనే అందులోంచి కందిరీగలు బయటికొచ్చేస్తాయి. రెక్కల పురుగు గుడ్లు పెట్టే సమయానికి చేతికందకపోతే అవి ఉత్త అట్టముక్కలే.

మందు చుక్క కూడా వద్దని నేననను. పురుగు లెక్క దాటితే కొట్టక తప్పదు. సలహా ఇచ్చే మనిషి, మందు అమ్మే మనిషి మాత్రం ఒక్కరే కాకూడదు. మిత్ర పురుగులు పొలానికి తిరిగొచ్చేదాకా, అంటే మొదటి రెండు మూడు పంటలకైనా, నష్టమొస్తే ప్రభుత్వం భరించాలి. ఆ మాట ముందే కాగితం మీద రాసిస్తే మా ఊళ్లో స్ప్రేయర్ దించేవాళ్లలో మొదటివాణ్ణి నేనే.

– ఒక వరి రైతు