మడ అడవి పనుల జమా ఖర్చులు – ఊరి వారందరికీ

కోరింగ మడ అడవి అంచున, మన ఊరి పక్క ఖాళీ పడిన జాగాలో అటవీ శాఖ అనుమతితో చేసిన పనుల లెక్క ఇది.

జమ: పోయిన ఏడాది నిల్వ రూ. 6,450. ఇంటింటి చందా రూ. 41,200. పడవల వాళ్ళు ఇచ్చినది రూ. 18,500. బయట ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు పంపినది రూ. 52,000. మొత్తం రూ. 1,18,150.

ఖర్చులో పెద్దది కాలువల తవ్వకం: 90 కూలి దినాలు, రోజుకు రూ. 700 చొప్పున రూ. 63,000. మొక్కలకు తక్కువ, మట్టి పనికి ఎక్కువ ఎందుకని చాలామంది అడిగారు. అడగాల్సిందే. ఆ జాగాలోకి పోటు నీరు సరిగా రావడం లేదు, వచ్చినది తిరిగి పోవడం లేదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుపోతుంది, అక్కడ ఏ మొక్కా బతకదు. అందుకే పెద్ద కాలువ ఒకటి, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తీయించాం. గోదావరి, కృష్ణా మడ అడవుల్లో స్వామినాథన్ పరిశోధన సంస్థ చేసి చూపించిన చేపముల్లు పద్ధతే ఇది.

తెల్లమడ, నల్లమడ విత్తనాల సేకరణకు, నర్సరీ సంచులకు రూ. 14,300. గేదెలు తొక్కకుండా వల కంచెకు రూ. 12,600. పడవ డీజిల్ రూ. 8,750, కూలీల భోజనం, టీ రూ. 7,900, రసీదు పుస్తకాలు రూ. 1,100. మొత్తం ఖర్చు రూ. 1,07,650. నిల్వ రూ. 10,500.

కార్బన్ డబ్బుల గురించి కూడా చెప్పాలి, అంటే అడవి గాలిలోని కార్బన్‌ను పట్టి దాస్తుందని లెక్కగట్టి బయటి వాళ్ళు ఇచ్చే డబ్బు. ఈ ఖాతాలోకి ఆ పేరుతో ఒక్క రూపాయి రాలేదు. అలాగని మడ అడవి కార్బన్ దాస్తుందన్న మాట ఉత్తది కాదు. ఇండో-పసిఫిక్ తీరాల్లో 25 మడ అడవులను కొలిచి 2011లో ప్రచురించిన లెక్కలో హెక్టారుకు సగటున వెయ్యి టన్నుల పైనే కార్బన్ ఉందని తేలింది. అందులో ఎక్కువ భాగం చెట్లలో కాదు, బురదలో ఉంది. గాలి ఆడని బురదలో రాలిన ఆకు, వేరు తొందరగా కుళ్ళవు. అదే బురదను రొయ్యల చెరువు కోసం తవ్వి ఆరబెడితే ఏళ్ళ తరబడి దాచినది గాలిలో కలుస్తుంది. కొత్త మొక్కలు ఆ లోటు పూడ్చడానికి తరాలు పడుతుంది. కాబట్టి ఉన్న అడవిని పోగొట్టుకోకపోవడమే మనకు మొదటి పని. కార్బన్ పేరు చెప్పి ఎవరైనా సంతకాలు అడిగితే గ్రామసభలో పెట్టకుండా చేయకండి.

నిల్వ ఉన్న డబ్బు వానలు తగ్గాక పిల్ల కాలువల్లో పూడిక తీయడానికి ఉంచాం. బిల్లులు, కూలీల మస్టరు కమిటీ దగ్గర ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు.