పోర్టులకిచ్చే సబ్సిడీ గేటు దగ్గరే ఆగకూడదు

సంపాదకులకు,

పోర్టుల్లో సరుకు ఎత్తే, దించే యంత్రాలను డీజిల్ నుంచి కరెంటుకు మార్చడానికి ప్రభుత్వం సొమ్ము పెట్టాలా అంటే, పెట్టాలనే నేనంటాను. సముద్రం లేని నల్గొండ జిల్లావాళ్లకు ఆ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 2025 మార్చి నెలాఖరులో కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు బయల్దేరిన ఓడలో ఉన్నది తెలంగాణ బియ్యమే. మొదటి విడతే 12,500 టన్నులు. ఏ మిల్లు బస్తా అయినా ఓడ ఎక్కేలోపు మిల్లులో, గోదాములో, గూడ్స్ షెడ్‌లో ఎన్నోసార్లు ఎక్కి దిగుతుంది. అక్కడంతా డీజిల్ పొగే.

కేంద్రం 2023లో ‘హరిత్ సాగర్’ మార్గదర్శకాలు తెచ్చింది. పోర్టుల్లోని యంత్రాలు, వాహనాల్లో 2030 నాటికి సగానికి పైగా, 2047 నాటికి 90 శాతానికి పైగా కరెంటుతో నడవాలన్నది లక్ష్యం. బాగానే ఉంది. కానీ అవి ప్రధానంగా కేంద్రం చేతిలోని మేజర్ పోర్టుల కోసం రాసినవి. విశాఖ ఆ జాబితాలో ఉంది, మన బియ్యం వెళ్లే కాకినాడ లేదు. ఇక కరెంటు వాహనాలకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకంలోని 10,900 కోట్లలో కరెంటు లారీలకు 500 కోట్లు కేటాయించి, ఒక్కోదానికి గరిష్ఠంగా 9.6 లక్షలు ఇస్తామన్నారు. అది రోడ్డు మీద తిరిగే లారీలకే. యార్డులో బస్తాలు మోసే ఫోర్క్‌లిఫ్ట్‌కూ, కంటైనర్ ఎత్తే రీచ్ స్టాకర్‌కూ అందులో చోటు లేదు.

ఆ పథకంలో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది. సబ్సిడీ కావాలంటే పాత లారీని తుక్కు చేసినట్టు సర్టిఫికెట్ చూపాలి. యంత్రాలకు ఎప్పుడు సబ్సిడీ ఇచ్చినా ఈ షరతు పెట్టాల్సిందే. పోర్టువాళ్లు సర్కారు సొమ్ముతో కొత్త కరెంటు యంత్రం కొని, పాత డీజిల్‌దాన్ని అమ్మేశారనుకోండి. అది ఎక్కడికి వస్తుంది? సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని మన ఊళ్లలోని ఏ గోదాముకో వస్తుంది. పోర్టు లెక్కల్లో పొగ తగ్గినట్టే ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఇక్కడ హమాలీల మధ్య తిరుగుతూనే ఉంటుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. నాలుగు గోడల మధ్య రేకుల షెడ్డులో ఆ పొగ పీల్చేవాళ్లకు మనం మహా ఇస్తే ఓ మాస్కు ఇస్తాం.

‘కరెంటు అంటే దామరచర్లలో బొగ్గు కాల్చడమేగా’ అని మా మిల్లులోనే ఒకాయన ఎద్దేవా చేశారు. అక్కడ 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటును పెట్టుకున్న జిల్లా మాది కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేను. అయితే ప్లాంటులో బూడిదను పట్టే యంత్రాలుంటాయి, ఎత్తయిన చిమ్నీ ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ పొగ నేరుగా పక్కనున్న మనిషి ముక్కులోకే పోతుంది. ఆపైన మిల్లులకూ గోదాములకూ ఇంతింత రేకుల కప్పులున్నాయి, సోలార్ పలకలు వేసుకోవడానికి అంతకన్నా మంచి జాగా ఏముంది?

అమెరికా ఇదే పనికి 2022లో చట్టం చేసి 300 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. సముద్రపు పోర్టులతో పాటు డ్రై పోర్టులకూ, అంటే సముద్రానికి దూరంగా రైలు, రోడ్డు మార్గాలతో సరుకు చేర్చే లోపలి కేంద్రాలకూ, అందులో అర్హత ఇచ్చింది. మనకు కావాల్సింది సరిగ్గా అదే. బందరు పోర్టుకు గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు, దానితో పాటు డ్రై పోర్టు అని మన రాష్ట్ర ప్రభుత్వం చాలాసార్లు చెప్పింది. ఆ డ్రై పోర్టు ఇంకా కట్టలేదు కాబట్టి కరెంటు యంత్రాలు, వాటికి చాలినంత ట్రాన్స్‌ఫార్మర్లు మొదటి టెండరులోనే రాయవచ్చు. కట్టాక మార్చాలంటే అదనపు ఖర్చు, పైగా ఏళ్ల తరబడి ఫైళ్లు.

మా ఎంపీలు ఢిల్లీలో అడగాల్సింది కూడా ఇదే: సబ్సిడీ మేజర్ పోర్టులకే పరిమితం కాకుండా కాకినాడ లాంటి పోర్టులకు, గూడ్స్ షెడ్లకు, డ్రై పోర్టులకు వర్తించాలి. సొమ్ము తీసుకున్న ప్రతి సంస్థ ఎన్ని డీజిల్ యంత్రాలు తుక్కు చేసిందో ఏటా జనానికి కనబడేలా వెబ్‌సైట్‌లో పెట్టాలి.

– ఓ బియ్యం మిల్లు గుమస్తా, మిర్యాలగూడ