మాంటెనెగ్రో కార్డు సరిచేసి పంపండి

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: ఫుట్‌బాల్ క్విజ్ కార్డుల సెట్టులో మాంటెనెగ్రో కార్డుపై అచ్చయిన తప్పులు

నమస్కారం.

నేను హనుమకొండలో రోజూ సాయంత్రం పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. వాళ్ల కోసమే మీ సెట్టు 899 రూపాయలు పెట్టి తెప్పించాను. పోయిన ఆదివారం ఆట అయ్యాక గ్రౌండులోనే కూర్చుని క్విజ్ ఆడారు. ‘మాంటెనెగ్రో మొదటి లీగ్ ఎవరు గెలిచారు?’ అని వచ్చింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ‘జెటా’ అంది. కార్డు వెనక ‘రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్’ అని ఉంది. పాయింటు పోయింది. ఆ పిల్ల నా వైపు చూసింది, ఎందుకంటే జెటా పేరు చెప్పింది నేనే.

ఆ అమ్మాయి చెప్పిందే రైటు. 2006 మే 21న మాంటెనెగ్రోలో రెఫరెండం (ప్రజలందరి ఓటింగ్) జరిగింది. సెర్బియా నుంచి విడిపోవడానికి 55 శాతం ఓట్లు కావాలి, 55.5 శాతం వచ్చాయి. అంత అంచు మీద గెలిచి జూన్ 3న స్వతంత్ర దేశమైంది. జనాభా చూస్తే ఆరు లక్షల పైచిలుకు. అప్పటిదాకా సెర్బియా క్లబ్బులతో కలిసి పెద్ద లీగ్‌లో ఆడుతున్నవి మూడే జట్లు: జెటా, బుదుచ్‌నోస్త్, యెదిన్‌స్త్వో. మిగతావి కింది లీగుల నుంచి వచ్చాయి. మొత్తం 12 జట్లతో సొంత లీగ్ మొదలుపెట్టారు. రాజధాని క్లబ్బు బుదుచ్‌నోస్త్‌ను రెండో స్థానానికి నెట్టి గొలుబోవ్‌త్సి అనే చిన్న ఊరి జెటా చాంపియన్ అయింది. 2007 వేసవిలోనే యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ క్వాలిఫైయింగ్‌లో లిథువేనియా జట్టు కౌనస్‌ను దాటి, స్కాట్లాండ్ జట్టు రేంజర్స్ దాకా వెళ్లి ఆగింది. రెడ్ స్టార్ గెలిచింది సెర్బియా లీగ్. పక్క దేశం కప్పు తెచ్చి వీళ్ల కార్డు మీద పెట్టారు మీరు.

రెండో తప్పు నన్ను ఇంకా బాధపెట్టింది. ‘మొదటి మ్యాచ్: 2006 ప్రపంచకప్, అర్జెంటీనా చేతిలో 0–6’ అని వేశారు. ఆ రోజు ఆడింది సెర్బియా-మాంటెనెగ్రో ఉమ్మడి జట్టు. అప్పటికే క్వాలిఫై అయి ఉండడంతో, దేశం విడిపోయాక కూడా అదే పేరుతో జర్మనీలో ఆడింది. మాంటెనెగ్రో సొంత జట్టు మొదటి మ్యాచ్ 2007 మార్చి 24న, రాజధాని పోడ్గొరిత్సాలో, హంగేరీతో. ముందు గోలు హంగేరీదే. తర్వాత వుచినిచ్ స్కోరు సమం చేశాడు, బుర్జనోవిచ్ రెండోది కొట్టాడు. 2–1. సొంత జెండా కింద మొదటిసారి ఆడి, వెనకబడి, గెలిచారండీ! ఆ గెలుపు తీసేసి ఆరు గోల్స్ ఓటమి అంటగడితే ఎలా?

ఫోన్ చేస్తే మీవాళ్లు ‘చిన్న దేశం కదా సార్, ఎవరు చూస్తారు’ అన్నారు. మా పిల్లలు చూశారు. చిన్న దేశమైనా, పెద్ద దేశమైనా మీరు తీసుకున్న డబ్బు ఒక్కటే.

నాకు రీఫండ్ వద్దు. సరిచేసిన కార్డు అచ్చువేసి, ఈ సెట్టు కొన్న అందరికీ పంపండి. మళ్లీ ప్రింటుకు వెళ్లేముందు ఇలా కొత్తగా ఏర్పడిన దేశాల కార్డులన్నీ తెలిసినవాళ్లతో ఒకసారి చూపించండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు, కార్డు ఫొటో జతచేశాను. వెనక పెన్సిలుతో ‘జెటా’ అని దిద్దింది ఆ అమ్మాయే.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ కోచ్,
హనుమకొండ