కోర్సు ఏ వెర్షన్ మీద తీశారో చెప్పండి

సంపాదకులకు,

మీ చదువుల పేజీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాల గురించి రాసినప్పుడల్లా 'ఆటోమేషన్ నేర్చుకుంటే మేలు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఎక్కడ నేర్చుకోవాలో మాత్రం రాయరు. చేత్తో చేసే మాన్యువల్ టెస్టింగ్ నుంచి మొబైల్ యాప్ ఆటోమేషన్‌లోకి, అంటే ప్రోగ్రామ్ రాసి దానితోనే టెస్టులు నడిపించే పనిలోకి మారాలని నాలుగు నెలలుగా తంటాలు పడుతున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

వీడియోలు లేక కాదు, కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను, అందులో చూపించింది చూపించినట్టు టైప్ చేసినా మొదటి ప్రోగ్రామే నడవలేదు. రెండు వారాల పాటు తేడా నా కంప్యూటర్‌లోనే ఉందనుకుని అన్నీ తీసేయడం, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఇదే పని. తీరా చూస్తే ఆ పాఠాలు, మొబైల్ యాప్‌లను ఆటోమేషన్‌తో టెస్ట్ చేసే అప్పియం అనే టూల్‌లో మొదటి వెర్షన్, అప్పియం 1 నాటివి! 2023లో అప్పియం 2 వచ్చాక ఆండ్రాయిడ్‌కి యూఐఆటోమేటర్2, ఐఫోన్‌కి ఎక్స్‌సీయూఐటెస్ట్ డ్రైవర్లను (అప్పియం ఫోన్‌ని నడిపించడానికి వాడే సాఫ్ట్‌వేర్లను) విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, సర్వర్ అడ్రస్ చివర పెట్టే 'డబ్ల్యూడీ హబ్' అక్కర్లేదు, పాత అప్పియం డెస్క్‌టాప్ అప్పటికే మూలన పడి, స్క్రీన్ మీది బటన్ల వివరాలు చూపించే ఇన్‌స్పెక్టర్ వేరే యాప్‌గా వచ్చేసింది. ఇప్పుడు అప్పియం 3 కూడా వచ్చేసింది. కోర్సు పేరులో మాత్రం 'లేటెస్ట్' అనే ఉంది.

చివరికి నన్ను గట్టెక్కించింది అప్పియం సొంత డాక్యుమెంటేషనే. ఫ్రీగానే ఉంది, మొదట్లో అదే తెరిచి ఉంటే డబ్బు మిగిలేది. ఆండ్రాయిడ్ ఒక్కటే చాలనుకునేవాళ్లకి గూగుల్ డెవలపర్ సైట్‌లో ఎస్ప్రెస్సో అనే టెస్టింగ్ టూల్ పాఠాలున్నాయి, కాకపోతే దానికి కోట్లిన్ లేదా జావా ప్రోగ్రామింగ్ భాష కొంచెమైనా రావాలి. కోడింగ్ అంటేనే టెన్షన్ పడేవాళ్లు మాయెస్ట్రో అనే టూల్ చూడొచ్చు, అందులో టెస్టులు యామల్ అనే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాస్తారు. ఐఫోన్ యాప్‌లు టెస్ట్ చేయాలంటే ఆపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్‌లోనే నడుస్తుంది. ఫీజు కట్టించుకునే ముందు నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట, చాలా పాఠాల్లో ప్రతి బటన్‌కీ పొడవాటి ఎక్స్‌పాత్ (స్క్రీన్‌లో ఆ బటన్ ఎక్కడుందో చెప్పే దారి) రాయించి, మధ్యమధ్యలో ఐదేసి సెకన్లు స్లీప్ పెట్టి ప్రోగ్రామ్‌ని ఊరికే ఆపిస్తారు. డెమోలో బాగానే ఉంటుంది గానీ స్క్రీన్ డిజైన్ కాస్త మారితే ఆ టెస్టు పడిపోతుంది, ఫోన్ నెమ్మదిగా ఉన్న రోజు ఆ ఐదు సెకన్లూ చాలవు. యాక్సెసిబిలిటీ ఐడీతో, అంటే యాప్ తయారుచేసేవాళ్లు బటన్‌కి పెట్టిన గుర్తింపు పేరుతో దాన్ని పట్టుకోవడం, అది కనిపించేదాకా వెయిట్ చేయించడం మొదటి వారంలోనే నేర్పితే సరిపోయేది. ఆ రెండూ ఉన్నాయో లేదో చూసే ఇప్పుడు ఏ వీడియో అయినా మొదలుపెడుతున్నాను.

మీరు ఈసారి కోర్సుల గురించి రాసేటప్పుడు ఒక్కోదాని పక్కన అది ఏ ఏడాది తీసింది, ఏ వెర్షన్ మీద నేర్పుతుంది అన్నవి వేయండి. ప్రకటన ఇచ్చే శిక్షణ సంస్థలను కూడా అవే అడగండి.

ఇట్లు,
మీ పాఠకుల్లో ఒక టెస్టర్