జూన్ నుంచి మళ్ళీ ఒక్కొక్కరికి విడిగా క్లాసులు

మా క్లాసులకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులకూ, ఆఫీసు అయ్యాక అలసటగా ఉన్నా సాయంత్రం వచ్చి కూర్చునే పెద్దవాళ్ళకూ నమస్కారం.

జూన్‌లో బడులు తెరిచేసరికి బ్యాచ్‌లు ఆపేస్తున్నాను. పాటైనా గిటారైనా ఇక ఒక్కొక్కరికి విడిగానే నేర్పుతాను. దీనివల్ల ఫీజు మారుతుంది, టైమింగ్స్ మారతాయి, కొందరు కొన్నాళ్ళు ఆగాల్సి వస్తుంది. అందుకే కారణం దాచకుండా చెబుతున్నాను.

ఎనిమిదేళ్ళు కాకినాడలో మా ఇంటి మేడమీద గదిలో విడివిడిగానే నేర్పాను. కిందటేడు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఎవర్నీ కాదనలేక భానుగుడి వైపు ఒక హాలు అద్దెకు తీసుకున్నాను. ఆ అద్దె కట్టాలంటే బ్యాచ్‌కి ఏడెనిమిది మంది ఉండాలి. మొత్తం 34 మంది అయ్యారు. అప్పుడు చాలా సంతోషించాను. నేను తప్పు చేసింది అక్కడే.

ఎనిమిది మంది ఆడపిల్లలు కలిసి పాడాలంటే శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు, ఒకటే పెట్టాలి. ఆరు పెట్టాను (అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తవుతుంది). ఎక్కువ మందికి సరిపోయింది. ఒక పాపకు మాత్రం సరిపోలేదు. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు పాడుతూ పై షడ్జమం (పై ‘స’) దగ్గరకు వచ్చేసరికి ఆ పిల్ల గడ్డం పైకెత్తి, మెడ బిగబట్టి అందుకునేది. మిగతా ఏడు గొంతుల మధ్య నేనది గమనించలేదు. ‘మేడం, క్లాసు ఉన్న రోజు రాత్రి పాప గొంతు బొంగురుపోతోంది, జలుబేమో అనుకున్నాం’ అని వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. మర్నాడు పాపను ఒక్కదాన్నే కూర్చోబెట్టి శ్రుతి బాక్స్ నాలుగున్నరకు దించాను. అవే వరసలు పాడింది. గడ్డం కదల్లేదు. అయ్యాక నా వైపు చూసి, ‘నొప్పి లేదు మేడం’ అంది. పాడితే నొప్పి ఉంటుందనే అనుకుంటోంది ఇన్నాళ్ళూ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పాను, ఇక్కడ అందరి ముందూ మళ్ళీ చెబుతున్నాను.

గొంతు మారే వయసు మగపిల్లల సంగతి ఇంకోలా ఉంటుంది. పదమూడేళ్ళ బాబు ఒకడు, రెండు మాటలు బాగా వచ్చి మూడో మాట దగ్గర గొంతు విరిగిపోయేది. పక్కవాళ్ళు నవ్వారు. రెండు వారాలు రాలేదు. ఆ వయసులో స్వరపేటిక పెరుగుతుంది, లోపలి తంత్రులు పొడవై మందమవుతాయి. కొత్త గొంతు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అలాగని పాట మాన్పించక్కర్లేదు. తేలిగ్గా పలికే నాలుగైదు స్వరాల్లోనే మెల్లగా పాడించాలి, శ్రుతిని మళ్ళీ మళ్ళీ వెతుక్కోవాలి, ఈలోగా గిటార్ ఎక్కువ సేపు చేతికివ్వాలి. ఇప్పుడు ఆ బాబుకి అదే చేస్తున్నాను. ఎనిమిది మందిలో కూర్చోబెట్టి ఇది చేయలేను.

గిటార్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. రెండు నెలలైనా ఎఫ్ కార్డ్ (తీగలు కలిపి నొక్కి ఒకేసారి మోగించే స్వరాల గుంపు) మోగలేదు. ‘అమ్మా, ఈ వయసులో నా వేళ్ళకి రాదేమో’ అన్నారు. ఎనిమిది గిటార్లు ఒకేసారి మోగుతుంటే ఎవరి తీగ గరగరలాడుతోందో తెలియదు. విడిగా కూర్చుని స్కేలు పెట్టి చూస్తే పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర లావు తీగ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. రెండున్నర చాలు. రిపేరు చేసే అతని దగ్గర ఎత్తు తగ్గించి, 12 గేజ్ తీగలు తీసి వాటికన్నా సన్నటి 10 గేజ్ వేయించాం. ఆరు తీగలూ ఒక్క వేలితో నొక్కకుండా నాలుగు తీగల చిన్న ఎఫ్ చూపించాను. ఆ వారమే మోగింది. ఆయన వేళ్ళకు ఏ లోపమూ లేదు.

పాడుతూ వాయించాలనుకునే వాళ్ళకు ఈ శ్రద్ధ రెండింతలు కావాలి. మగ గాయకుడి పాటను అదే శ్రుతిలో పాడమంటే ఆడపిల్ల గొంతు అడుగున ఎక్కడో మూలుగుతుంది. జీ షేపులు, అంటే జీ శ్రుతిలో వేళ్ళు పెట్టే తీరు, అలాగే ఉంచి కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) మూడో ఫ్రెట్‌లో పెడితే ఆరున్నర శ్రుతి వస్తుంది. ఒక్కోసారి అంతే చాలు. కానీ ఎవరికి మూడో ఫ్రెట్, ఎవరికి ఐదో ఫ్రెట్ అన్నది పక్కన కూర్చుని వింటేనే తెలుస్తుంది.

ఇక డబ్బు విషయం. బ్యాచ్‌లో నెలకు 1,200 రూపాయలు కట్టేవారు. ఇకపై నెలకు నాలుగు క్లాసులు, ఒక్కోటి ముప్పావుగంట, 2,000 రూపాయలు. 20 మందికి మించి తీసుకోను. లెక్క వేస్తే నాకు వచ్చేది ఇంచుమించు అంతే, పైగా హాలు అద్దె మిగులుతుంది. భారం మీ మీదే పడుతోందని తెలుసు. కష్టమనుకునేవాళ్ళకు అరగంట క్లాసులున్నాయి, నెలకు 1,400. అదీ కుదరకపోతే మొహమాటం లేకుండా నాతో మాట్లాడండి. ఫీజు వల్ల ఏ పిల్లా మానేయడం నాకిష్టం లేదు.

ముందు నుంచీ ఉన్నవాళ్ళకు మొదట చోటిస్తాను. మిగిలిన 14 మందికి ఈ వారమే నేనే ఫోన్ చేస్తాను. ముందుగా కట్టిన డబ్బు పూర్తిగా తిరిగిస్తాను, ఖాళీ రాగానే మొదట మిమ్మల్నే పిలుస్తాను. ఆగస్టులో పెడదామన్న స్టేజీ ప్రోగ్రాం ఈసారి ఉండదు. ఎన్ని నెలల్లో ఒక పాట వస్తుందని చాలామంది అడుగుతున్నారు. ఎవరి గొంతు, ఎవరి చెయ్యి చూడకుండా నేను నెలలు చెప్పలేను, ఇకపై చెప్పను కూడా.

క్లాసులు మళ్ళీ మేడమీద గదిలోనే. మొదటి రోజు పాట ఉండదు, శ్రుతి వెతుక్కోవడమే ఉంటుంది. గిటార్ తెచ్చేవాళ్ళు తీగలు తుప్పు పట్టాయని ముందే కొత్తవి కొనకండి. మన ఊరి గాలికి అవి తుప్పు పట్టక తప్పదు. మీ వేళ్ళు చూశాక ఏ గేజ్ వేయాలో చెబుతాను, అప్పుడు కొందాం.